సామాన్యుణ్ణి నమ్మిన న్యాయకోవిదుడు



దౌల్తాబాద్ ప్రాంతపు పల్లెల్లో ఎనభై ఏండ్లు దాటిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వారు పుట్టిన నాటికి ఆ ఊళ్లు నిజాం రాజ్యంలోని గుల్బర్గా జిల్లా, కొడంగల్ తాలూకాలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. కొడంగల్, తాండూరు తాలూకాలను మాత్రం దాని నుండి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో ఉంచారు. దౌల్తాబాద్ మహబూబ్‌నగర్ జిల్లాలోనికి వచ్చింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడి దౌల్తాబాద్ దానిలో చేరింది. ఊరు ఉన్నచోటనే ఉంది. రాష్ట్రాలూ జిల్లాలూ దాని చుట్టూ మారుతూ వచ్చాయి. అయినా 1950 నుండి ఒక్కటి మాత్రం మారలేదు. ఆ ఊరివారంతా ఒకే దేశానికి, ఒకే విధమైన పౌరులు.

ఈ ఏక పౌరసత్వం, చదువుకున్నవారికీ చదువుకోనివారికీ సమానంగా దక్కిన ఓటు, మనం ఆదివారం గుడికి నిర్భయంగా వెళ్లే స్వేచ్ఛ, ఇవి ఆకాశం నుండి ఊడిపడినవి కావు. ఎవరో కూర్చుని, ఆలోచించి, వాదించుకుని, ఒక్కొక్క మాటనూ తూచి రాశారు. అలా రాసినవారిలో ఒక తెలుగుబిడ్డ ఉన్నారు. ఆయన పేరు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఆ పేరు ఒక్క పంక్తిలో వచ్చి పోతుంది. ఈ వారం ఆయన జీవితాన్ని కాస్త తీరికగా తెలుసుకుందాం.

పూజారి ఇంట పుట్టిన బిడ్డ

అల్లాడివారు 1883 మే 14న నెల్లూరు జిల్లా పూడూరు గ్రామంలో జన్మించారు. తండ్రి ఏకామ్ర శాస్త్రిగారు పౌరోహిత్యం చేసుకునేవారు. ఆస్తిపాస్తులు లేని ఇల్లు. ఉన్నదల్లా చదువు మీద భక్తి. కృష్ణస్వామిగారు 1899లో మెట్రిక్యులేషన్ ముగించి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చరిత్ర చదివారు. మిషనరీలు నడిపిన ఆ కళాశాలలో పూజారిగారి అబ్బాయికి చోటు దొరికింది. మన మఠకన్యలూ గురువులూ నడిపే బడులలో కూడా అన్ని మతాల పిల్లలూ చదువుకుంటున్నారు గనుక, ఆ సంగతి మనకు వింతగా తోచదు. ఏ బల్ల మీద కూర్చున్న ఏ బిడ్డ రేపు దేశానికి ఏమి రాసిపెడతాడో ఎవరికి తెలుసు?

తరువాత న్యాయశాస్త్రం చదివి మద్రాసు హైకోర్టులో న్యాయవాది అయ్యారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ న్యాయవాదులలో మొదటి వరుసకు చేరారు. 1929లో మద్రాసు రాష్ట్ర అడ్వొకేట్ జనరల్‌గా నియమితులై 1944 వరకు ఆ పదవిలో కొనసాగారు. 1932లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. మైలాపూరులో లజ్ చర్చి వీధిలో ఇల్లు కట్టుకుని, తండ్రి పేరున దానిని ఏకామ్ర నివాస్ అని పిలుచుకున్నారు. ఆ వీధికి పేరు తెచ్చిన లజ్ గుడి, పోర్చుగీసువారు పదహారవ శతాబ్దంలో కట్టిన వెలుగుమాత దేవాలయం. హైందవ పండితుని ఇంటికీ మరియమాత గుడికీ ఒకే వీధి. మన దేశంలో అటువంటి వీధులు ఎన్నో ఉన్నాయి.

పాఠకులారా, ఇక్కడ ఒక విషయం గమనించండి. అల్లాడివారు జైలుకు వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధులు కారు. కాంగ్రెసు సభ్యులు కూడా కారు. బ్రిటిషు ప్రభుత్వం పక్షాన న్యాయస్థానాలలో వాదించిన వ్యక్తి. అయినా 1946లో రాజ్యాంగ సభ ఏర్పడినప్పుడు, కాంగ్రెసు నాయకులే ఆయనను మద్రాసు రాష్ట్రం నుండి సభలోనికి తెచ్చారు. దేశానికి ఆయన విద్య కావాలి అనుకున్నారు. నిన్నటి పక్షం చూడకుండా నేటి అవసరం చూసిన ఆ పెద్దమనసు ఈనాడు మన గ్రామ రాజకీయాలలో ఎంత ఉన్నదో ఎవరికి వారే చూసుకోవాలి.

ఫిలడెల్ఫియా నుండి వచ్చిన ఆలోచనలు

రాజ్యాంగం రాయడానికి కూర్చున్నవారి ముందు అనేక దేశాల రాజ్యాంగాలు ఉన్నాయి. ఇంగ్లండు పార్లమెంటు పద్ధతి వారికి అలవాటైనదే. ఐర్లండు, కెనడా, ఆస్ట్రేలియా దేశాల అనుభవమూ ఉంది. అయితే రాతపూర్వకమైన రాజ్యాంగాలకు పెద్దన్న వంటిది అమెరికా రాజ్యాంగం. దాని మూలసూత్రాలు కొన్నింటిని క్లుప్తంగా చెప్పుకుంటే అల్లాడివారి పని ఏమిటో మనకు అర్థమవుతుంది.

1776 జూలై 4న పదమూడు వలస రాజ్యాలు ఇంగ్లండు రాజుకు లోబడి ఉండబోమని ప్రకటించాయి. ఆ ప్రకటనలో ప్రధానమైన భావం ఇది. మనుషులకు కొన్ని హక్కులు సృష్టికర్త నుండే వచ్చాయి, ప్రభుత్వం వాటిని ఇచ్చేదీ కాదు, లాక్కోగలిగేదీ కాదు. ప్రభుత్వానికి అధికారం ప్రజల అంగీకారం నుండి వస్తుంది. 1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియా నగరంలో రాజ్యాంగంపై సంతకాలు జరిగాయి. చట్టాలు చేసేవారు, వాటిని అమలు జరిపేవారు, తీర్పు చెప్పేవారు వేరువేరుగా ఉండాలని, ఒకరు హద్దు మీరితే మరొకరు ఆపాలని అందులో ఏర్పాటు చేశారు. కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచారు. 1791లో పది సవరణలు చేర్చి పౌరుల హక్కులను రాసిపెట్టారు. వాటిలో మొదటిదే మత స్వేచ్ఛ. 1803లో ఆ దేశపు సుప్రీం కోర్టు, రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని తీర్పు చెప్పింది.

ఈ పునాదిలో కతోలికుల చేయి కూడా ఉంది. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకే ఒక్క కతోలికుడు చార్లెస్ కారల్. ఆయన పుట్టిన మేరీలాండ్‌లో ఆనాడు కతోలికులకు ఓటు లేదు, ప్రభుత్వ పదవి లేదు. డేనియల్ కారల్, థామస్ ఫిట్జ్‌సైమన్స్ అనే ఇద్దరు కతోలికులు 1787 నాటి రాజ్యాంగంపై సంతకం చేశారు. డేనియల్ సోదరుడు జాన్ కారల్ 1789లో ఆ దేశపు మొదటి మేత్రాణులుగా నియమితులయ్యారు. తమ విశ్వాసం కారణంగా నిన్నటివరకు బయట నిలబడినవారు, అందరికీ తలుపు తెరిచే పత్రంపై సంతకం చేయడం చరిత్రలో మంచి ఘట్టం.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదన్నది కూడా చెప్పాలి. బానిసలకు ఆ హక్కులలో పాలు దక్కలేదు. చార్లెస్ కారల్ స్వయంగా బానిసలను ఉంచుకున్నవాడే. బానిసత్వం పోవడానికి 1865 వరకు, స్త్రీలందరికీ ఓటు రావడానికి 1920 వరకు, దక్షిణ రాష్ట్రాలలోని నల్లజాతివారి ఓటు నిజంగా చెల్లడానికి 1965 వరకు ఆగవలసి వచ్చింది. మంచి మాట కాగితంపై పడటం వేరు, అది గుడిసె దాకా నడిచి రావడం వేరు. ఈ తేడా అల్లాడివారికి బాగా తెలుసు.

ఏడుగురిలో ఒకరు

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏర్పడింది. ఏడుగురు సభ్యులు. డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షులు. అల్లాడివారు ఒక సభ్యులు. అంతకుముందే ఆయన ప్రాథమిక హక్కుల ఉపసంఘంలోనూ, సుప్రీం కోర్టు ఎలా ఉండాలో ఆలోచించిన సంఘంలోనూ పనిచేశారు. ఏ దేశపు న్యాయస్థానం ఏ సంవత్సరంలో ఏమి చెప్పిందో విప్పి చెప్పగలిగిన ఆయన పాండిత్యం సభకు గొప్ప అండ అయింది.

1949 నవంబరు 25న అంబేద్కర్‌గారు సభలో మాట్లాడుతూ, ముసాయిదా సంఘానికి తనను అధ్యక్షుణ్ణి చేయడం తనకే ఆశ్చర్యం కలిగించిందని, తనకంటే పెద్దవారు, సమర్థులు అయిన అల్లాడి వంటివారు ఆ సంఘంలో ఉన్నారని వినయంగా చెప్పారు. అల్లాడివారు సర్ బిరుదు పొందిన మనిషి. అంబేద్కర్‌గారు అంటరానితనపు బాధలు అనుభవించి పైకి వచ్చిన మనిషి. ఒక పురోహితుని కుమారుడు అంబేద్కర్‌గారి అధ్యక్షతన కూర్చుని దేశానికి ధర్మం రాయడం, ఆ ధర్మంలో అంటరానితనాన్ని రద్దు చేస్తూ పదిహేడవ అధికరణం ఉండడం, మన దేశంలో అంతకుముందు ఎన్నడూ జరగని పని.

అల్లాడివారు అమెరికా నుండి కళ్లు మూసుకుని ఏదీ తీసుకోలేదు. అమెరికాలో అధ్యక్షుడు ఒకవైపు, శాసనసభ మరొకవైపు ఉండి ఒకరినొకరు అడ్డుకునే అవకాశం ఉంది. అప్పుడే కళ్లు తెరుస్తున్న ప్రజాస్వామ్యం అటువంటి తగాదాను తట్టుకోలేదని ఆయన భావించారు. అందువలన మంత్రివర్గం శాసనసభకు జవాబు చెప్పుకునే పార్లమెంటు పద్ధతినే సమర్థించారు. కాని హక్కులను రాతపూర్వకంగా ఉంచడం, వాటికి భంగం కలిగితే పౌరుడు నేరుగా సుప్రీం కోర్టు తలుపు తట్టడం వంటి ఏర్పాట్లు మన రాజ్యాంగంలో స్థానం పొందాయి. చట్టం అందరినీ సమానంగా కాపాడాలనే పదునాలుగవ అధికరణపు మాట, అమెరికా 1868లో బానిసత్వం పోయిన తరువాత చేర్చుకున్న సవరణ నుండి వచ్చిందే.

రాష్ట్రాల విషయంలోనూ మనవారు వేరు దారి తొక్కారు. అమెరికాలో ఒక రాష్ట్రపు సరిహద్దును ఆ రాష్ట్రం ఒప్పుకోకుండా మార్చలేరు. మన దేశంలో పార్లమెంటు మార్చగలదు. దౌల్తాబాద్ చరిత్రే దానికి సాక్ష్యం. అయితే సరిహద్దులు మారినా పౌరుని హోదా మారకూడదు గదా! అందుకే మన రాజ్యాంగం రాష్ట్రానికొక పౌరసత్వం పెట్టలేదు. పౌరసత్వంపై 1949 ఆగస్టులో సభలో చర్చ జరిగింది. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. మతాన్ని బట్టి మనుషులను వేరు చేయాలన్న ఒత్తిడి కూడా వచ్చింది. జాతి, మతం ఆధారంగా పౌరులను విడదీయలేమని, అందరినీ సమానంగా చూస్తామని మనం మాట ఇచ్చామని అల్లాడివారు ఆ సభలో గట్టిగా చెప్పారు. అల్పసంఖ్యాకులమైన మనం ఆ మాటను మరువరాదు.

చదువురాని చేతికి ఓటు

పాఠకులారా, అల్లాడివారి జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ భాగం.

బ్రిటిషువారి కాలంలో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు ఉండేది. 1951 జనాభా లెక్కల నాటికి మన దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మంది మాత్రమే. ఇటువంటి దేశంలో వయసు వచ్చిన ప్రతి స్త్రీకీ, ప్రతి పురుషునికీ ఒకేసారి ఓటు ఇవ్వడం సాహసమని చాలామంది విజ్ఞులు భయపడ్డారు. ముందు చదువు చెప్పి తరువాత ఓటు ఇద్దామనే వాదం పైకి తెలివైనదిగానే కనిపిస్తుంది. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపిన అల్లాడివారు ఆ వాదం పక్షాన ఉంటారని ఎవరైనా అనుకుంటారు.

ఆయన అటువైపు నిలబడలేదు. 1949 నవంబరు 23న, రాజ్యాంగం ఆమోదం పొందడానికి మూడు రోజుల ముందు, ఆయన సభలో సుదీర్ఘంగా మాట్లాడారు. ప్రజలలో ఇంత అజ్ఞానం, నిరక్షరాస్యత ఉన్నా సభ సామాన్య మానవుని మీద నిండు నమ్మకంతో వయోజన ఓటు హక్కును స్వీకరించిందని ఆయన చెప్పారు. ఆ ఏర్పాటు సామాన్యుని బ్రతుకును, సుఖాన్ని, గౌరవాన్ని ముందుకు తెస్తుందని ఆశించారు. ఆస్తిని బట్టిగాని, చదువును బట్టిగాని ఓటు ఇస్తే అది ప్రజాస్వామ్యమే కాదన్నది ఆయన అభిప్రాయం.

ఆ సభలో నిజాం రాజ్యం నుండి ఒక్క సభ్యుడు కూడా లేడన్నది మనం గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరు వరకు హైదరాబాద్ భారతదేశంలో కలవలేదు. 1949 నవంబరులో నిజాం ఫర్మానా ద్వారా ఈ రాజ్యాంగాన్ని తన సంస్థానానికి అంగీకరించారు. అంటే కొడంగల్, తాండూరు, వికారాబాద్ ప్రజల తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. జాగీర్దారు ముందు చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషుల కోసం, వారిని ఎన్నడూ చూడని ఒక నెల్లూరు పండితుడు మాట్లాడాడు.

ఫలితం త్వరలోనే కనిపించింది. 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు దేశమంతటా మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఓటర్లు దాదాపు పదిహేడు కోట్ల ముప్పై లక్షల మంది. చదువు రానివారి కోసం ప్రతి అభ్యర్థికీ వేరే పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించారు. తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్న దాదాపు ఇరవై ఎనిమిది లక్షల మంది స్త్రీల పేర్లను జాబితా నుండి తీసివేయవలసి వచ్చింది. ఓటు కావాలంటే స్త్రీ తన పేరు తాను చెప్పుకోవాలి. చాలామంది స్త్రీలకు ప్రభుత్వం ముందు తమకొక పేరు ఉందని తెలిసింది అప్పుడే. ఆ ఎన్నికలలో వికారాబాద్ నుండి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైన యువకుడు మర్రి చెన్నారెడ్డిగారు. ఆయన తరువాత రాష్ట్ర ముఖ్యమంత్రి కూడా అయ్యారు.

గుడి, బడి, హక్కు

మత స్వేచ్ఛ విషయంలో అల్లాడివారి ఆలోచన మనం అనుకున్నంత సులభంగా సాగలేదు. 1947లో హక్కుల ఉపసంఘంలో మతాన్ని ఆచరించే హక్కు అనే మాట వచ్చినప్పుడు ఆయనకూ, రాజకుమారి అమృత కౌర్‌గారికీ ఒక భయం కలిగింది. ఆచారం పేరు చెప్పి బాల్యవివాహం, దేవదాసీ పద్ధతి, అంటరానితనం వంటివాటిని కాపాడుకోవాలని చూసేవారు ఉంటారు గదా, అప్పుడు సంస్కరణ చట్టాలు ఏమవుతాయి అని. ఆ భయం నిజమైనదే. దానికి పరిష్కారంగా, మత స్వేచ్ఛ ఇస్తూనే సంఘ సంస్కరణకు చట్టాలు చేసే అధికారాన్ని రాజ్యానికి ఉంచారు.

విశ్వాసాన్ని ప్రచారం చేసే హక్కును చేర్చాలని అల్పసంఖ్యాకుల ఉపసంఘం కోరింది. దానికి అధ్యక్షులు బెంగాలుకు చెందిన క్రైస్తవ సోదరుడు హరేంద్ర కుమార్ ముఖర్జీగారు. మద్రాసు లయోలా కళాశాల ప్రిన్సిపాల్ అయిన యేసుసభ గురువు జెరోమ్ డిసౌజాగారు కూడా రాజ్యాంగ సభలో సభ్యులు. 1948 డిసెంబరులో ఆ హక్కు ఆమోదం పొందింది. 1949 మే నెలలో మతం ఆధారంగా శాసనసభ స్థానాలు కేటాయించే పద్ధతిని వదులుకోవడానికి క్రైస్తవ ప్రతినిధులు అంగీకరించారు. మాకు వేరే గోడ వద్దు, అందరితోపాటు ఉంటాము, మా విశ్వాసమూ మా బడులూ భద్రంగా ఉంటే చాలు అన్నది వారి భావం. మన పాఠశాలలను మనం నడుపుకునే హక్కు ముప్పైయవ అధికరణంలో ఉంది.

ఇక్కడ మన కుటుంబాలలో చాలామందికి తగిలిన గాయం ఒకటి ఉంది. చెప్పకపోతే న్యాయం కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మతానికి ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రీస్తును నమ్ముకున్న దళితునికి తెరవలేదు. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గంగా లెక్కించారు. పాత ఇల్లు, పాత వీధి, పాత అవమానం అట్లాగే ఉండగా కాగితంపై మాత్రం కులం పోయినట్లు లెక్క. 2004లో ఈ విషయం సుప్రీం కోర్టుకు వెళ్లింది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. మన ఫిర్యాదును మనం చేస్తున్నది పదునాలుగు, పదిహేను అధికరణాలను ఆధారం చేసుకునే. గాయాన్ని చూపించడానికి కూడా అదే పత్రం మన చేతిలో ఉన్నది. మరి మన గుడి లోపల, మన సమాధుల తోటలో కులం పేరు వినిపించకుండా చూసుకోవడం ఏ ఉత్తర్వు కోసం ఆగాలి?

ఒక మాట మార్పు, దాని వెల

మహనీయుల జీవితాలలో మంచిని మాత్రమే చెప్పి ఊరుకోవడం వారికి గౌరవం కాదు. అల్లాడివారి నిర్ణయాలలో ఒకటి దేశానికి ఖరీదైన పాఠం నేర్పింది.

ఒక మనిషి ప్రాణాన్నిగాని స్వేచ్ఛనుగాని ప్రభుత్వం ఎప్పుడు తీసుకోవచ్చు? అమెరికా సవరణల ప్రకారం న్యాయసమ్మతమైన ప్రక్రియ జరిగితేనే. అంటే చట్టం ఉంటే సరిపోదు, ఆ చట్టమే న్యాయంగా ఉన్నదా అని న్యాయస్థానం అడగగలదు. మన మొదటి ముసాయిదాలోనూ ఆ మాటే ఉండేది. అయితే అమెరికా న్యాయమూర్తులు అదే మాటను పట్టుకుని పేదల కోసం చేసిన చట్టాలను కూడా కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. 1905లో రొట్టెల బట్టీలలో పనివారి చేత రోజుకు పది గంటలకు మించి పని చేయించరాదన్న న్యూయార్క్ చట్టాన్ని అలాగే రద్దు చేశారు. 1947 చివరలో రాజ్యాంగ సలహాదారు బెనెగల్ నరసింగరావుగారు అమెరికా వెళ్లినప్పుడు, అక్కడి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ ఆ మాటను పెట్టుకోవద్దని సలహా ఇచ్చారు. 1948 మొదట్లో ముసాయిదా సంఘం దానిని తీసివేసి, చట్టం నిర్దేశించిన పద్ధతి అనే మాట పెట్టింది. అల్లాడివారు ఆ మార్పును ఆమోదించి, 1948 డిసెంబరులో సభలో సమర్థించారు. కొద్దిమంది న్యాయమూర్తుల ఇష్టాయిష్టాలపై దేశపు సంస్కరణలు ఆగిపోకూడదన్నది ఆయన వాదన. మున్షీగారు దానిని వ్యతిరేకించారు గాని సభ అల్లాడివారి వైపే మొగ్గింది.

ఆ ఖాళీని కొంతైనా పూడ్చడానికి 1949 సెప్టెంబరులో అంబేద్కర్‌గారు మరొక అధికరణం తెచ్చారు. ఈనాడు అది ఇరవై రెండవది. పోలీసులు ఎవరినైనా పట్టుకుంటే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రతి ఇంట్లో తెలిసి ఉండవలసిన విషయం ఇది. కాని ముందు జాగ్రత్త పేరున నిర్బంధించేవారికి ఈ రక్షణలు వర్తించవు. 1950 మే నెలలో, మద్రాసు జైలులో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్‌గారి వ్యాజ్యంలో సుప్రీం కోర్టు, పద్ధతి ప్రకారం చేసిన చట్టం ఉంటే అది న్యాయంగా ఉన్నదా లేదా అని ఆ అధికరణం కింద అడగలేమన్నది. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. 1976 ఏప్రిల్‌లో, నిర్బంధంలో ఉన్నవారు ఆ కాలంలో న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు లేదని అదే కోర్టు చెప్పింది. న్యాయమూర్తి ఖన్నాగారు ఒక్కరే కాదన్నారు. 1978 జనవరిలో మేనకా గాంధీ వ్యాజ్యంలో కోర్టు తన దారి మార్చుకుని, పద్ధతి అంటే న్యాయమైన, సహేతుకమైన పద్ధతి అని చెప్పింది. అల్లాడివారు తీసివేసిన భావం ముప్పై ఏండ్ల తరువాత మరో తలుపు గుండా లోపలికి వచ్చింది.

ఆయన ఉద్దేశం మంచిదే. పేదవాని మేలు కోరే ఆయన ఆ పని చేశారు. కాని పాలకులు ఎల్లప్పుడూ తన వంటివారే ఉంటారని నమ్మినట్లున్నారు. ఆదిపాపపు గాయం తగలని సింహాసనం లేదని మన శ్రీసభ బోధిస్తుంది. సామాన్యుణ్ణి నమ్మాలి, అధికారాన్ని కనిపెట్టి ఉండాలి. ఈ రెండూ కలిస్తేనే ప్రజాస్వామ్యం నిలుస్తుంది.

మనకు మిగిలిన పని

అల్లాడివారు 1953 అక్టోబరు 3న కన్నుమూశారు. ఆయన కుమారుడు అల్లాడి రామకృష్ణన్‌గారు భౌతిక శాస్త్రవేత్త అయ్యారు. ఏకామ్ర నివాస్‌లో జరిపిన చర్చలే మొలకగా 1962లో మద్రాసులో గణిత విజ్ఞాన సంస్థ స్థాపించారు. చట్టం రాసిన ఇంట విజ్ఞానం మొలిచింది.

ఆయన పోయిన పదేండ్లకు, 1963లో, ఇరవై మూడవ జాన్ జగద్గురువులు భూలోకంలో శాంతి అనే లేఖలో మానవ హక్కులను ఒక్కొక్కటిగా లెక్కించి చూపారు. 1965 డిసెంబరు 7న రెండవ వాటికన్ మహాసభ మత స్వేచ్ఛపై ప్రకటన చేసింది. దానిని తీర్చిదిద్దడంలో అమెరికా యేసుసభ గురువు జాన్ కోర్ట్‌నీ మర్రే పాత్ర పెద్దది. అంతకుముందు శ్రీసభలో అనేకులు ఈ భావాన్ని అనుమానంతో చూసినవారే. మనిషిలో దేవుని రూపం ఉన్నది గనుక అతని మనస్సాక్షిని ఎవరూ బలవంతం చేయరాదని మహాసభ తేల్చి చెప్పింది. మన రాజ్యాంగ సభ నడిచిన దారీ, శ్రీసభ నడిచిన దారీ ఒక కూడలి దగ్గర కలిసినట్లు కనబడుతుంది.

ప్రియ పాఠకులారా, అల్లాడివారు మనపై ఉంచిన నమ్మకానికి మనం ఏమి జవాబు చెబుతున్నాం? పద్దెనిమిదేండ్లు నిండిన మీ అబ్బాయి, అమ్మాయి ఓటరు జాబితాలో పేరు రాయించుకున్నారా? ఎన్నికల ముందురోజు ఇంటికి వచ్చే నోటును, సీసాను వద్దనగలుగుతున్నామా? మన విచారణ సంఘంలో చదువు రాని కూలి తల్లి లేచి మాట్లాడితే కూర్చోబెడుతున్నామా, వింటున్నామా? 2015 నుండి నవంబరు 26ను రాజ్యాంగ దినంగా జరుపుకుంటున్నాం. ఆ వారంలో వచ్చే ఆదివారం దివ్యపూజ తరువాత మన యువకులు రాజ్యాంగ పీఠికను తెలుగులో పైకి చదివి, అందులోని న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే నాలుగు మాటలకు మన ఊరిలో అర్థమేమిటో పెద్దలను అడిగితే ఎంత బాగుంటుంది! ఆ నాలుగు మాటలు మన సువిశేషానికి కొత్తవి కావు.

తక్కెడలో ఒకవైపు పండితుని ఓటు, మరొకవైపు కూలివాని ఓటు వేస్తే ముల్లు నిటారుగా నిలబడాలని అల్లాడివారు కోరుకున్నారు. ఆ ముల్లు వంగకుండా చూసుకునే బాధ్యత మనది. క్రీస్తునాథుడు అందుకు కావలసిన తెలివినీ ధైర్యాన్నీ మన కుటుంబాలకు ప్రసాదించును గాక.